దుర్గారావు గారి ఫోను, యామిని సర్వరు

మా వైపు ఫోను ముందుగా పెట్టెయ్యడం మర్యాద కాదు. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసే దుర్గారావు గారిని రైతు ఎవరైనా రేటు అడిగితే, "ఆయ్, ఉండండి, కనుక్కుని చెప్తాను" అనేవారు. బజారులోకి పంపిన మనిషి ఆ కబురు తెచ్చేదాకా ఇద్దరూ లైన్లోనే ఉండేవారు. ఈలోగా ఇంకో రైతుకి ఆయన ఫోను దొరికేది కాదు.

దుర్గారావు గారు నా భార్య యామినికి మేనమామ. ఈ అవస్థ తప్పిద్దామని ఆవిడ హైదరాబాదులో జావా ఉద్యోగం మానేసి అమలాపురం వచ్చేసి, ఆయన కోసం ఒక వెబ్ అప్లికేషన్ రాసింది.

"రైతు ఒకసారి తెరిచి పెట్టుకుంటే చాలు మావయ్యా. రేటు మారినప్పుడల్లా అదే చెబుతుంది. ఎవరూ కాచుక్కూర్చోనక్కర్లేదు." ఇలా రాయడాన్ని రియాక్టివ్ అంటారట. అంటే ఏమిటని నేనడిగినా ఇదే చెప్పింది.

మొదటి రోజు జనం తెరిచేకొద్దీ అది మందగించి, ఆఖరికి ఎవరికీ రేటు రాలేదు.

"నీ సర్వరూ మన కోనసీమదేనమ్మా. ఫోను పెట్టెయ్యడం దానికీ తెలీదు," అన్నారు దుర్గారావు గారు. "సోమవారం కూడా ఇంతే అయితే నా పాత పద్ధతి నాకుంచెయ్యి."

యామిని రాసినదంతా మళ్లీ చదివింది. తప్పు అందులో లేదు. సర్వరు మొదలయ్యేటప్పుడు తెర మీద పడే వరసల్లో టామ్‌క్యాట్ అన్న పాతరకం సర్వరు పేరు దగ్గర ఆగిపోయింది. తను కావాలనుకున్నది నెట్టీ అనే కొత్తరకం సర్వరు. కన్ఫిగరేషన్‌లో కొత్త లైబ్రరీ పక్కనే పాతదాన్నీ ఉంచేసింది. రెండూ కనిపిస్తే, ఆవిడ అప్లికేషన్‌ని నడిపే స్ప్రింగ్ అనే జావా సరంజామా పాత పద్ధతిలోనే మొదలవుతుందట. అడిగిన ఒక్కొక్కరికీ ఒక పనివాణ్ణి అప్పజెప్పి, జవాబు వచ్చేదాకా వాణ్ణి అక్కడే నిలబెడుతుంది.

మా అటక నిండా ఆవిడ దాచిన ఖాళీ సీసాలు, మూతల్లేని డబ్బాలు.

"ఇక్కడా దాచేవా?" అన్నాను.

"పడుంటుందిలే అనుకున్నాను. మావయ్యకి చెప్పకండి," అంటూ ఆ పాతది తీసేసింది.

సోమవారం రేటు ఎక్కడా ఆగలేదు. అయినా దుర్గారావు గారు ఫోను చేసేరు.

"రేటొచ్చిందమ్మా."

"ఆయ్, నాకూ వచ్చింది మావయ్యా."

"సరే మరి."

"సరే."

చాలాసేపు ఇద్దరూ పెట్టలేదు.

యామిని పోయి ఏడాది కావస్తోంది. అటక మీద సీసాలు అలాగే ఉన్నాయి. పొద్దున్నే నా ఫోనుకి రేటు వస్తుంది. వెనకాలే దుర్గారావు గారు చేస్తారు.

"రేటొచ్చిందా బాబూ?"

"ఆయ్, వచ్చిందండీ."

ఆ తరవాత చెప్పుకోవడానికి ఇద్దరికీ ఏమీ ఉండదు. అటు నుంచి బజారు చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. ఆయన పెట్టరు. నేనూ పెట్టను.