మిరపపండే అన్నాను

ఆరేళ్లుగా ఒక్క మాటను మోస్తున్నాను. "లేదన్నా" అన్న మాట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నన్నెరగరు కాబట్టేనేమో.

భూపాలపల్లి బొగ్గుబాయిలో చేసి రిటైరైన ఒకాయన నాతో పిట్టలు చూడడానికి వచ్చేవాడు. అన్నా అని పిలుస్తాను. బైనాక్యులర్ పట్టుకోవడం నేర్పింది నేనే. ముప్పై ఏళ్లు భూమి లోపల గడిపినవాడికి ఎండలో పిట్టను చూడడమంటే పండగే. మా ఇద్దరికీ ఒకటే ఆశ, ఎర్రగొంతు పిట్ట. చలికాలం ఎక్కడో ఉత్తరం నుంచి వస్తుంది, పొదలు దాటి బయటికి రాదు. మా దిక్కున చూశామన్నవాళ్లే లేరు.

ఆ పొద్దున టేకుమట్ల దగ్గర మిరపచేను గట్టు మీద అన్న నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"గదుగో తమ్మీ, మూడో సాలుల. గొంతు ఎర్రగున్నది. జూసినవా?"

చూశాను. కంటిపైన తెల్లగీత, కింద ఎర్రటి గొంతు. తోక ఒక్కసారి ఎగరేసి మొక్కల్లోకి దూరింది.

"లేదన్నా. మిరపపండు గావచ్చు."

ఎందుకన్నాను? కడుపుమంట, ఇంకేముంది. నేను పదేళ్లు వెతికింది ఆయనకు రెండో చలికాలానికే దొరికింది. నోరు జారిందనడానికీ లేదు. దారిలో చాయ్ తాగుతూ, "మిరపపండుకు రెక్కలొచ్చినయా అన్నా" అని ఆటపట్టించాను కూడా. ఆయనా నవ్వాడు. "బొగ్గుల పనిజేసిన కండ్లు తమ్మీ, ఇగ నమ్మరాదు" అన్నాడు. మర్నాడే కంటి దవాఖానకు పోయాడు. చూపు బాగానే ఉందని డాక్టర్ చెప్పాడట. ఆయన డాక్టర్‌ను నమ్మలేదు, నన్ను నమ్మాడు. బైనాక్యులర్ తెచ్చి నా చేతిలో పెట్టేశాడు.

ఇప్పటికీ క్వార్టర్ ముందు కూర్చుని, తీగ మీద ఏది వాలినా, "గదేం పిట్ట తమ్మీ?" అని నన్నే అడుగుతాడు. సిగ్గుతో చచ్చిపోతాను.

చెప్పేద్దామని ఎన్నిసార్లు వెళ్లానో. కానీ ఏమని చెప్పను? ఏటా ఆ గట్టుకు పోతున్నాను, మళ్లీ కనబడలేదు. ఎర్రగా ఏది కదిలినా మిరపపండే. ఆ తెల్లగీత నిజంగా చూశానా, పుస్తకంలో బొమ్మ చూసీ చూసీ తర్వాత అతికించుకున్నానా? ఇప్పుడు వెళ్లి "నువ్వు చూసింది నిజమే" అంటే అది నిజం చెప్పడమా, ఇంకో అబద్ధమా? నా అబద్ధాన్ని చివరికి నేనే నమ్మానా? ఏమీ తోచదు.

అది పిట్టో పండో ఇవాళ చెప్పలేను. ఆ పొద్దున మాత్రం నాకు తెలుసు. తెలిసే లేదన్నాను.