మధ్య టెంప్లేట్ మింగిన పేరు

శకుంతలమ్మ ముప్పై ఒక్క ఏళ్లలో ఎన్నిసార్లు చచ్చిపోయిందో ఆమెకే గుర్తు లేదు. వరదలో కొట్టుకుపోయింది, బాంబు పేలి పోయింది, విలన్ జీపు కింద రెండుసార్లు పడింది. ఒకరోజు పొద్దున ఫిల్మ్ నగర్‌లో పెళ్లికూతురి మేనత్తగా అక్షింతలు వేసి, మధ్యాహ్నం పక్క సెట్లో అదే చీరతో శవమై పడుకుంది. దుమ్ముకు తుమ్మింది. పక్క శవం "నూరేళ్లు" అని దీవించింది. షాటు మళ్లీ తీశారు. ఈ చివరి ముక్క నేను కల్పించాననేవాళ్లు ఉన్నారు. ఉండనివ్వండి.

సిద్దిపేట వైపు నుంచి లైట్‌మన్ భర్త వెంట కృష్ణానగర్‌కు వచ్చింది. ఆయన పోయాక తనే జూనియర్ ఆర్టిస్టు అయింది. ఇన్నేళ్లలో తెర మీద ఆమె పేరు ఒక్కసారీ పడలేదు. అలాంటివాళ్లందరికీ కలిపి టైటిల్స్ చివర ఒకే మాట ఉంటుంది: తదితరులు.

పోయిన ఏడాది ఒక సినిమాలో మాట చెప్పాల్సిన నటి రాలేదు. గుంపులోంచి శకుంతలమ్మను లాగారు. "బస్సు ఆగింది బిడ్డా, మనిషి దిగలే" అని ఒక్క మాట చెప్పింది. దర్శకుడికి నచ్చింది. "ఆవిడ పేరు టైటిల్స్‌లో వేయండి" అన్నాడు.

ఆ టైటిల్స్ తయారయ్యే ఆఫీసులో అక్షరదోషాలు చూసేది నేనే. చిన్నప్పుడు కాన్వెంటు సిస్టర్ల బెత్తం దెబ్బలు తిన్నవాణ్ణి. అక్షరం తప్పితే నాకు పళ్లు జివ్వుమంటాయి. అది తెలిసే శకుంతలమ్మ టీకొట్టు దగ్గర నన్ను ఆపింది.

"త్రినాథరావు సారూ, నా పేరు జర మంచిగ జూడుండ్రి. యూనియన్ కార్డుల శంకుతల అని రాసిన్రు."

"నేనుండగా తప్పు పోతుందా!" అన్నాను.

టైటిల్స్ చేసేది రహమత్ నగర్ కుర్రాడు తిరుమలేశ్. ఇప్పుడు పేర్లన్నీ ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలులో వస్తాయి. వాటిని తెర మీది వరుసలుగా మార్చేవి టెంప్లేట్లు. మొదటిది మొత్తం జాబితాను చూస్తుంది, రెండోది ఒక్కో విభాగాన్ని, మూడోది ఒక్కో వరుసను రాస్తుంది. ఒకటి ఇంకోదాని చేతికి అందించేదాన్ని పారామీటర్ అంటారు. గుంపు విభాగానికి ఎప్పుడూ పేర్లు ఉండవు. అందుకని పేరేదీ అందకపోతే మూడో టెంప్లేట్ తనంతట తానే "తదితరులు" అని రాసేస్తుంది.

తిరుమలేశ్ మొదటి టెంప్లేట్‌లో శకుంతలమ్మ పేరు పంపాడు. ఆ పేరు పుచ్చుకోవడానికి మూడోదాన్ని సిద్ధం చేశాడు. మధ్యదాన్ని మరిచిపోయాడు. అది పేరు తీసుకోనూ లేదు, ముందుకు పంపనూ లేదు. కంప్యూటర్ తప్పుందని మొరాయించి ఉంటే బాగుండేది. ఇలాంటిదానికి అది నోరెత్తదు.

ప్రూఫ్ నా దగ్గరకు వచ్చింది. తప్పుగా రాసిన పేర్ల కోసం వెతికాను. ఒక్కటీ లేదు. చివర "తదితరులు" ఉంది, అక్షరం పొల్లుపోకుండా ఉంది. ఆ మాట లేని జాబితాను నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. సంతకం పెట్టాను.

మొదటి రోజు ఉదయం ఆటకు శకుంతలమ్మ తన గల్లీ నుంచి పదకొండు మంది ఆడవాళ్లను తీసుకెళ్లింది. హాలంతా ఖాళీ అయింది, ఊడ్చేవాళ్లు వచ్చారు, వీళ్లు కదల్లేదు. పేర్లు పైకి పోతూనే ఉన్నాయి. చివరి మాటా పోయింది.

"అక్కా, గదేనా నీ పేరు? బాగనే పొడుగున్నదే!" అంది పక్కింటి రాజమ్మ. అందరూ నవ్వారు. శకుంతలమ్మ కూడా నవ్విందట.

మర్నాడు తిరుమలేశ్, నేను ఆమె గదికి వెళ్లాం.

"అమ్మా, మొదట్ల నీ పేరు వెట్టిన. ఆఖర్ల గూడ వెట్టిన. నడిమిదానికి జెప్పుడు మర్చిపోయిన" అన్నాడు వాడు.

"అంటే నన్ను బస్సు ఎక్కిచ్చి నడిమిట్ల దింపిన్రు."

"గంతే అమ్మా."

"సరే తీ. చాయ్ తాగుతరా?"

నా సంతకం సంగతి చెబుదామని వెళ్లినవాణ్ణి, చాయ్ తాగి వచ్చేశాను.

మధ్య టెంప్లేట్‌లో రెండు వరుసలు చేరిస్తే సరిపోయింది. ఓటీటీకి పంపిన ఫైలులో ఆమె పేరు ఉంది. ఫోనులో ఆపి చూపించాను. "మంచిగ రాసిన్రు" అని ఫోను తిరిగి ఇచ్చేసింది. ఆ పదకొండు మందిలో ఒక్కరినీ పిలవలేదు.

పోయిన నెల ఇంకో సినిమాలో ఆమెకు రెండు మాటలు దొరికాయి. పేరు ఎలా వేయాలో అడగడానికి తిరుమలేశ్ ఫోన్ చేశాడు.

"వద్దు బిడ్డా. అందర్ల కలిపెయ్యి."

నేను ఫోను లాక్కున్నాను. "శకుంతలమ్మా, ఈసారి నేనే దగ్గరుండి చూస్తాను."

"అప్పుడు గూడ మీరే జూసిన్రు గద సారూ." గొంతులో కోపం లేదు. "షాటుకు పిలుస్తున్నరు, ఉంట."