కరిగిన బంగారానికి సాక్షి

ప్రొద్దుటూరులో నేను బంగారు పని చేస్తాను. అంగడి అంటూ లేదు. ఇంటి ముందు గది, ఒక కుంపటి, ఒక త్రాసు, అంతే. వచ్చేవాళ్లు ఎక్కువగా చుట్టుపక్కల పల్లెల వాళ్లు. పాత నగ తెచ్చిస్తారు, కరిగించి కొత్తది చేసిస్తాను. మా నాయన కాలం నుంచీ నోటిమాట మీదే నడిచింది; బిల్లుపుస్తకం మా ఇంట్లో ఎప్పుడూ లేదు.

అలా వచ్చిన మనిషే మైలవరం దగ్గరి గొర్రెల అవ్వ. భర్త చనిపోయాక గొర్రెలు మేపుకుంటూ ఇద్దరు కొడుకులను పెంచింది. గొర్రెపిల్లలను అమ్మినప్పుడల్లా కొంచెం కొంచెంగా కొనుక్కున్న గుండ్లు, కమ్మలు, ఒక పాత గొలుసు తెచ్చి నా ముందు పెట్టింది.

“ఇద్దరు కోడండ్లకు రెండు సరుళ్లు జెయ్యి ఆచారీ. ఒగటి ఎక్కువ గాకూడదు, ఒగటి తక్కువ గాకూడదు. నేను పోయినాక వాళ్లు కొట్లాడుకోకూడదు,” అంది. సరుడంటే మా వైపు మెడలో వేసుకునే గొలుసు.

పని పూర్తయ్యేసరికి ఎన్నికల కోడ్ వచ్చింది. రోడ్ల మీద టెంట్లు వేసి బండ్లు ఆపి వెతుకుతున్నారని తెలుసు. అదంతా పార్టీల వాళ్ల డబ్బు కోసం కదా, నాకేమని అనుకున్నాను. కాలు నొప్పిగా ఉంది, రాలేనని అవ్వ కబురు పంపితే నేనే స్కూటర్ మీద బయలుదేరాను. జమ్మలమడుగు ఇంకాస్త దూరం ఉందనగా ఆపారు. సీటు కింద గుడ్డలో చుట్టిన సరుళ్లు బయటపడ్డాయి.

“బిల్లు ఏదండీ?” అని అడిగాడు అక్కడున్న అధికారి. ముప్ఫై ఏళ్లుంటాయేమో, మాట తీరు చూస్తే మా జిల్లా మనిషి కాదు.

“ల్యాదు సార్. పాత బంగారు కరిగించి చేసినాను. ఒక అవ్వది.”

“అది మీరు చెప్తున్న మాట. నాకు కాగితం కావాలి.”

నేను దొంగనని ఆయన అనలేదు. కానని నేనే చూపించుకోవాలన్నాడు. ఎండలో నిలబడి ఎంత బతిమాలినా ఒకటే జవాబు: “ఆపడం వరకే నా పని. వదిలే అధికారం నాకు లేదు. కడపలో కమిటీ ఉంటుంది, అక్కడికి వెళ్లి చెప్పుకోండి.”

కానీ ఒక పని చేశాడు. పంచనామాలో “రెండు గొలుసులు” అని రాసి ఊరుకోకుండా, మనిషిని పంపి జమ్మలమడుగు నుంచి త్రాసు తెప్పించాడు. ఒక్కోదాని తూకం విడివిడిగా రాయించాడు. కవరుకు సీలు వేశాక, “సీలు మీద మీరు కూడా సంతకం పెట్టండి. రేపు ఎవరూ మారింది అనకూడదు,” అన్నాడు. ఆ కోపంలో ఆ మాట విలువ నాకు తెలియలేదు.

అక్కడి నుంచి నేరుగా అవ్వ ఊరికి వెళ్లాను. కంసాలి చేతికి బంగారం ఇచ్చినవాళ్ల మనసులో ఏదో మూల ఒక అనుమానం ఉంటుంది. అది మా వృత్తిని అంటిపెట్టుకునే ఉంది. జరిగింది చెప్పగానే పెద్దకొడుకు లేచాడు.

“వాళ్లు తీసుకున్యారా, నువ్వే తీసుకున్యావా?”

అవ్వ మంచం మీద నుంచే కసిరింది. “నోరు మూయ్. తీసుకునేటోడైతే ఈ ఎండలో ఈడికెందుకొస్తాడు? ఆచారీ, ముందు నీళ్లు తాగు.”

ఆ నీళ్లు తాగుతుంటే ఏడుపొచ్చింది. ఇంటికొచ్చేసరికి నా భార్య చేతి గాజులు తీసి బల్ల మీద పెట్టి ఉంది. సరుళ్లు రాకపోతే అవి కరిగించి ఇద్దామంది. నేను ఒక్క మాట కూడా అడగలేదు, తనంతట తానే తీసింది.

కమిటీ ముందుకు పిలిచిన రోజు అవ్వ కుంటుకుంటూనే బస్సెక్కి నాతో కడపకు వచ్చింది. వరండాలో మా పక్కన పులివెందుల అరటికాయల వ్యాపారి ఒకాయన కూర్చున్నాడు. తోటల్లో రైతులకు ఇవ్వడానికి తీసుకుపోతున్న డబ్బు పట్టుకున్నారట.

“ఇదేం న్యాయమప్పా? ముందు లాక్కుంటారంట, తర్వాత మనది మనదేనని మనమే రుజువు జేసుకోవాలంట. తప్పు జేసినానని వాళ్లు గదా జూపించాల్సింది!” అన్నాడు.

నేను తలూపాను. నా మనసులో ఉన్నదే ఆయన నోట వచ్చింది.

అవ్వ మాత్రం ఒప్పుకోలేదు. “ఆపకుంటే ఎట్లప్పా? మా ఊర్లో ఓటుకింతని ఇండ్లకొచ్చి పంచిపోతారు. ఆపనీ. ఆపినాక మనిషి జెప్పేది ఇనాల. ఇనకుంటే అప్పుడు తప్పు.”

“ఇనేదానికి ఇన్ని దినాలా అవ్వా? నా రైతులు కాయలు వేరేవాళ్లకు అమ్ముకున్యారు.”

“అది నిజమే నాయనా,” అంది అవ్వ నెమ్మదిగా.

లోపల ఒక మహిళా అధికారి మధ్యలో కూర్చున్నారు. నేను ఇంట్లో ఉంచుకునే నా పనిపుస్తకం ఇచ్చాను. పాత నగ కరిగించే ముందు దాన్ని పేజీ మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీసుకోవడం మా నాయన నేర్పిన అలవాటు. కింద తూకం, పక్కన అవ్వ వేలిముద్ర. అవ్వ కొంగులోంచి పెద్దకొడుకు పెళ్లిఫోటో తీసింది. ఫోటోలో ఆమె చెవులకున్న కమ్మలూ నా గీతలోని కమ్మలూ ఒకటేనా అని ఆ అధికారి భూతద్దం పెట్టి చూశారు. తర్వాత అవ్వనడిగారు.

“పాతవి నీవే, సరే. కానీ ఈ గొలుసులు ఆ బంగారంతోనే చేశారని నీకెలా తెలుసు?”

“కరిగినాక బంగారుకు మొగమేముంటాదమ్మా, గుర్తుపట్టేదానికి? నేను ఈయప్ప మొగం జూసి జెప్తాండా.”

ఆవిడ నవ్వలేదు. కవరు తెప్పించి, సీలు మీది నా సంతకం చూసి, మా ముందే తెరిపించి తూకం వేయించారు. పంచనామాలో రాసిన తూకానికి సరిగ్గా సరిపోయింది; కరిగించడంలో పోయే తరుగు తీస్తే నా పుస్తకంలోని పాత నగల తూకానికీ సరిపోయింది. విడుదల కాగితం మీద సంతకం పెడుతూ, “ఇకమీద బిల్లు రాయండి,” అని మాత్రం అన్నారు.

బయటికి రాగానే అవ్వ వ్యాపారి పక్కన కూర్చుని, భయపడొద్దు, ఆయమ్మ మన మాట ఇంటాది అని చెప్పింది. ఆయన డబ్బు చేతికొచ్చిందని తర్వాత విన్నాను గానీ, ఆ పంట బేరం పోయింది. అందుకే ఈ విషయం మాటల్లోకి వచ్చినప్పుడు నేను ఇప్పటికీ ఒక పక్కన పూర్తిగా నిలబడలేను. లాక్కునే చెయ్యి అంత పెద్దదైనప్పుడు వినే చెవి కూడా అంత తొందరగా పనిచేయాలని మాత్రం గట్టిగా అనిపిస్తుంది. నాకు ఆ చెవి దొరికింది. దొరకనివాళ్లు ఎంతమందో.

కూలి వద్దన్నాను. “నా కోడండ్లు ఊరికే వచ్చిన సరుడు ఏసుకోరు,” అని అవ్వ డబ్బు నా జేబులో కుక్కింది.

ఎన్నికలయ్యాక రోడ్డు మీద నన్ను ఆపి తూకం రాయించిన అధికారికి నమస్కారం చెప్పుకుందామని జమ్మలమడుగు రోడ్డులో వెళ్లాను. టెంటు లేదు. పక్కనున్న టీ అంగడాయనను అడిగితే, “ఆ సారు ఏదో వేరే ఆఫీసులో పనిజేస్తాడంట. ఎలక్షన్ డ్యూటీకి యాడినుంచో ఏసినారు. యాడికి పోయినాడో తెలీదప్పా,” అన్నాడు. ఒక టీ తాగి ఇంటికొచ్చేశాను.