హాల్లో రోలు

ఎనభై అయిదులో, కంపెనీ టౌన్‌షిప్ సెక్టర్ 2లో మా పక్క క్వార్టర్ కుముదిని ఏదో పత్రిక చూసి, పాతా కొత్తా కలిస్తేనే ఇంటికి అందమని తేల్చేసింది. విజయనగరం నుంచి అత్తగారు నూకాలమ్మ రైల్లో మోయించుకొచ్చిన రుబ్బురోలుకు లోపలా బయటా బంగారు పెయింటు వేయించింది. గుంటలో ప్లాస్టిక్ గులాబీలు గుచ్చి, కలర్ టీవీ పక్కన నిలబెట్టింది. రోలు హాల్లోకి వచ్చింది, అత్తగారు వెనక గదిలోకి వెళ్లింది. ఆవిడ నేతచీర సోఫాకు నప్పదట.

వచ్చినవాళ్లందరికీ కుముదిని ఆ రోలు తమ వంశం పరువన్నట్టు చూపించేది. ఆ పరువులో ఏళ్లతరబడి ఇడ్లీపిండి రుబ్బినావిడ మాత్రం హాల్లో ఉండేది కాదు.

భర్త అప్పలసూరి ప్రమోషన్ విందుకు గారెలని ఆఫీసర్లందరికీ ముందే చెప్పేశారు. తీరా ఆ సాయంత్రం మిక్సీ కాలిపోయింది. నానిన మినప్పప్పు గిన్నెతో కుముదిని వెనక గదికి పరిగెత్తింది.

"అత్తయ్యా, మీరే గట్టెక్కించాలి. ఈ పప్పు కాస్త రుబ్బి పెట్టండి."

నూకాలమ్మ హాల్లోకి తొంగిచూసి, నింపాదిగా అంది.

"దేన్లో రుబ్బమంతావమ్మా? రోలుకి రంగు పూసీసినావు. నాకింకా పుయ్యనేదు గాబట్టి పని సెప్తన్నావు. పూసుంటే నన్నూ ఆ టీవీ పక్కనే ఎట్టీదానివి."