వెనకాల నడిచిన మనిషి

“అతను నీకు మర్యాద చెయ్యలేదమ్మా! ఏదైనా సంచీలో వేసుకుంటావేమోనని వెనకాలే తిరిగాడు. ఇంక నువ్వు ఆ షాప్‌కి వెళ్ళకు.”

“నోరు మూసుకో. దొంగ అనుకున్నవాడు నా బుట్ట మోస్తాడటే?”

“నువ్వు చేతిలో పెట్టేస్తే ఏం చేస్తాడు మరి!”

షాపులో నాకు జరిగిన మర్యాద గురించి గొప్పగా చెప్పగానే మా అమ్మాయి ఇలా లేచింది. అమెరికాలో ప్లెయిన్స్‌బరోకి కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో నాకు అన్నీ తెలుసనే ధీమా ఉండేది (మూడో తరగతితో బడి మానేసినవాళ్ళకి ఈ ధీమా కాస్త ఎక్కువే). మనవరాలిని వెంటబెట్టుకుని ఎదురుగా ఉన్న పెద్ద షాపుకి నడిచి వెళ్ళడం ఒక్కటే నాకు బయటిగాలి. ఆ రోజు సబ్బులు వాసన చూశాను, డబ్బాలు తిప్పి తిప్పి చూసి, ధర మండిపోతోందని ఎక్కడివక్కడ పెట్టేశాను. ఏ వరసలోకి తిరిగినా నీలం చొక్కా మనిషి ఒకడు నా వెనకే. పక్కనే ఒక తెల్లావిడ కూడా నాలాగే సబ్బులు వాసన చూస్తోంది. ఆవిడ వెనక ఎవరూ లేరు. పాపం, ఆవిణ్ణి పట్టించుకునేవాళ్ళే లేరే అని జాలిపడ్డాను. మా ఊరి చీరల కొట్టులో పెద్ద బేరం అనుకున్నవాళ్ళ వెంటే గుమస్తా తిరిగేవాడు మరి! ఇన్నాళ్ళకి నా ముఖంలో ఎవరికో లక్ష్మీకళ కనబడిందని పొంగిపోయి, బుట్ట అతని చేతిలో పెట్టాను. బిత్తరపోయి పట్టుకున్నాడు. కౌంటర్ దాకా మోయించి, “చల్లగా ఉండు నాయనా” అని దీవించి మరీ వచ్చాను.

అమ్మాయి మాట విన్నాక ఒకచోట కూర్చోలేకపోయాను. తుడిచిన వంటింటి గట్టునే మళ్ళీ తుడిచాను. బాల్కనీలోకి వెళ్ళాను, వచ్చాను. పక్కింటి కరివేపాకు రెబ్బ కూడా అడక్కుండా తుంచి ఎరగనే! మనవరాలిని నిలదీశాను.

“నీకు తెలుసా?”

“తెలుసు అమ్మమ్మా. నాకూ అలాగే చేస్తారు. అందుకే షాప్‌లో పాకెట్స్‌లో చేతులు పెట్టను. నువ్వు చాలా హ్యాపీగా ఉన్నావ్ కదా, అందుకే చెప్పలేదు.”

నేనంటే నిన్న వచ్చినదాన్ని. ఈ పిల్ల ఇక్కడే పుట్టిందే! “రేపు మనిద్దరం వెళ్తున్నాం” అన్నాను.

“అమ్మా, ఎందుకే నీకీ గొడవ?”

“మానేస్తే అతను అనుకున్నదే ఖాయం చేసుకుంటాడు.”

బుట్ట మోయించిన ఆ మహారాణిని తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కాస్త బెంగగానూ ఉంటుంది, ఏ షాపులోనూ మళ్ళీ అంత దర్జాగా నడవలేదు నేను.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాం. అతను మళ్ళీ వెనకాలే వచ్చాడు. నేను ఆగి, అతనివైపు తిరిగి నిలబడ్డాను. ఎందుకు మా వెంట పడుతున్నారని మనవరాలు ఇంగ్లీషులో అడిగింది. అతను ఏదో గొణిగి పక్క వరసలోకి వెళ్ళిపోయాడు. మేం తాపీగా కొత్తిమీర కట్ట ఏరుకుని, డబ్బులిచ్చి, ఇంటికి నడిచొచ్చాం.