పదిహేను అంగుళాల నిరూపణ

ఆదివారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు మా అన్న రాజలింగు చాయ్ తాగి, ఖాళీ గ్లాసును గోటితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, కింద పెట్టాడు. ఆ నిమిషానికి నేను గోదావరిఖనిలో కాస్త పేరున్న లెక్కల మాస్టారుని. మధ్యాహ్నానికి ఆ పేరు మందమర్రి దాటాక రోడ్డు పక్కన పడి ఉంది. ఎవరి సాయమూ లేకుండా నేనే పడేశాను. ఎలా పడేశానో చెబుతాను, నవ్వండి. ఒకటి రెండు చోట్ల నవ్వు రాకపోతే అది మీ తప్పు కాదు.

ముందు గ్లాసు సంగతి. అన్న ముప్పయ్యేళ్లు బొగ్గుబాయిలో పనిచేశాడు. కప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టడం ఆయన పని. ఆ పనివాళ్లు కొత్త చోట అడుగుపెట్టే ముందు ఇనుప కడ్డీతో కప్పును తట్టి వింటారు. గట్టి కప్పు ఖణేల్మంటుంది, వదులైన కప్పు డొల్లగా పలుకుతుంది. మనిషి రిటైరయ్యాడు గాని ఆ చెయ్యి కాలేదు. గుమ్మడికాయను తట్టేవాడు, గోడను తట్టేవాడు, దవాఖానలో డాక్టరు బల్లను తట్టేవాడు. ఒకసారి నా నడినెత్తిన తట్టి, "డొల్ల" అన్నాడు. అప్పుడు పరాచికమనుకున్నాను.

బాయి ఆయనకు పింఛనుతో పాటు దగ్గును కూడా ఇచ్చింది. పది అడుగులు వేస్తే పదకొండో అడుగుకు గోడ కావాలి. డీజిల్ పొగ తగిలితే ఆ పది కూడా లేవు. అందుకే, వదిన సమ్మక్క సెంటినరీ కాలనీకి కూరగాయలు తీసుకెళ్లి అమ్మడానికి బండి కొనాల్సి వచ్చినప్పుడు కరెంటుతో నడిచే చిన్న ట్రాలీ కొన్నారు. పన్నెండు అంగుళాల సన్న చక్రాలు. చప్పుడు లేదు, పొగ లేదు. వదిన నడిపేది, అన్న పక్కన కూర్చుని టైర్లను తట్టి చెప్పేవాడు, గాలి ఉందో లేదో. ఒక్కనాడూ తప్పలేదు.

ఆ గురువారం బెల్లంపల్లి నుంచి అన్న పాత దోస్తు ఫోన్ చేశాడు. వాళ్లు పనిచేసిన పాత బాయి మూతపడి ఏళ్లయింది. దాని నెత్తిన, మనుషుల్ని లోపలికి దించి పైకి లాగిన పెద్ద ఇనుప చక్రం మాత్రం అట్లాగే ఉండేది. ఇప్పుడు దాన్ని తుక్కు కింద అమ్మేశారట. శనివారం దించుతారు, ఆదివారం మధ్యాహ్నం లారీ ఎక్కిస్తారు.

అన్న ఫోన్ పెట్టాడు. తర్వాత అన్నాడు: "తమ్మీ, గా చక్రం కిందికెళ్లి ఇరవై ఏండ్లు లోపలికి దిగిన. పోశన్నను పైకి తెచ్చింది గూడ అదే. ఎన్నడు అందలే. ఇప్పుడు కింద పెడుతరట. లారీ ఎక్కకముందుగాల ఒక్కసారి చేత్తోని తట్టాలె."

పోశన్న ఆయన జతగాడు. కప్పు కూలి పోయాడు. ఆ పేరు అన్న నోట నేను పదేళ్లకొకసారి విన్నానేమో.

"శనివారం పోదమా?" అన్నాడు అన్న.

"టైర్లు మార్చినంక పోదం" అన్నాను నేను.

ఎందుకు మార్చాలి? చివరి కిలోమీటరు దారి పాడైపోయిందని దోస్తు చెప్పాడు, రాళ్లూ బురదా. అన్న నడవలేడు. బండిని చక్రం పక్కదాకా తీసుకెళ్లాలి. ఉద్దేశం మంచిదే, కాదనకండి. అయితే ఇంకో కారణం కూడా ఉంది. మనిషికి రెండింతలు ఎత్తున్న డంపరు టైర్లు తిరిగే ఊళ్లో, మా బండి చక్రాలు చూస్తే నాకు చిన్నతనంగా ఉండేది.

రెండు రోజులు చదివాను. ఎక్కడెక్కడి ఎడారుల్లోనో ఇసుక దిబ్బలెక్కే కరెంటు ట్రక్కుల గురించి, వాటి మొరటు పళ్లున్న టైర్ల గురించి. ప్రతి వ్యాసం చివరా పెద్ద టైరుకూ బ్యాటరీకీ ఉన్న సంబంధం గురించి చిన్న అక్షరాల్లో ఏదో ఉండేది. మా పిల్లలు ప్రశ్నపత్రంలో ఆఖరి ప్రశ్నను వదిలేసినట్టు దాన్ని వదిలేశాను.

శనివారం బడి కాగానే బండిని తిరుపతి టైర్ల దుకాణానికి తీసుకెళ్లాం. తిరుపతి నా పాత విద్యార్థి. లెక్కల్లో మూడుసార్లు తప్పి, నాలుగోసారికి దుకాణం పెట్టుకున్నాడు.

"పన్నెండు తీసి పదిహేనా సార్? పడుతయి. కాకపోతే మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ కొంచెం కొయ్యాలె."

"కొయ్యి."

"సార్, ఇంకోటి..."

"ఏంది?"

"ఏం లేదు సార్."

ఈ "ఏం లేదు సార్"ను గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

అన్న స్టూలు మీద కూర్చుని అడిగాడు: "పెద్ద చక్రం పెడితె బ్యాటరీ జల్ది దిగదా?"

నేను ఆ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నాను. పంచరు గుర్తు పెట్టే సుద్దముక్క తీసుకుని దుకాణం షట్టరు మీద రెండు వృత్తాలు గీశాను, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. పరిధి సూత్రం రాశాను. "చూడన్నా. పెద్ద చక్రం ఒక్కసారి తిరిగితే ఎక్కువ దూరం పోతది. అంటే అదే దూరానికి తక్కువసార్లు తిరుగుతది. తక్కువ తిరిగితే తక్కువ కరెంటు. కాబట్టి ఛార్జింగు ఇంకా ఎక్కువ వస్తది." కింద గీత గీసి "నిరూపించబడినది" అని రాశాను. తిరుపతి చేతులు కట్టుకుని నిలబడి చూశాడు, తొమ్మిదో తరగతిలో నిలబడినట్టే.

"బాగుంది" అన్నాడు అన్న. "ఒక్కసారి తిరిగితె ఎక్కువ పోతదన్నవ్. మరి ఆ ఒక్కసారి తిప్పుడు ఎవని పని?"

"మోటరు పని."

"మోటరు పెద్దగయిందా?"

"మోటరు అదే."

"మరి దానికి బరువు గాదా? బాయిల బొగ్గు టబ్బులు గుంజే హాలర్ ఇంజనుండేది. డ్రమ్ము మీద తాడు ఎక్కువ చుట్టుకుని లావైతె ఇంజను ఏడ్సేది."

"అన్నా, అది హాలరు. ఇది లెక్క."

అన్న లేచి, కొత్త టైరును వేలి కణుపుతో తట్టి విన్నాడు. "టైరు మంచిదే. కని బరువున్నది. పాతది తట్టితె మాట్లాడుతది. ఇది మాట్లాడ్తలేదు."

"టైరు మాట్లాడుడేందే?" అని నవ్వాను. తిరుపతి నవ్వలేదు.

చక్రాలు పడ్డాయి. పాతవి అమ్మేస్తానని తిరుపతి పక్కన పెట్టుకున్నాడు. బండి ఎత్తు పెరిగింది, నా ఎత్తు దానికన్నా పెరిగింది. ఆ సాయంత్రం చౌరస్తా చుట్టూ పనిలేకుండా తిరిగి బ్యాటరీ సగానికి దించాను. రాత్రి గాలికి కరెంటు పోయింది. తెల్లారి చూస్తే ముప్పావు దాకానే ఎక్కింది.

"ఇంకో గంట పెట్టు సారూ, తొందరేముంది" అంది వదిన.

"అక్కర్లేదు వదినా. లెక్క చేసిన."

ఆమె కొబ్బరికాయా, అన్న పీల్చుకునే మందూ సంచిలో పెట్టి ఇచ్చింది. అన్న గ్లాసు తట్టాడు. బయలుదేరాం.

మొదటి మలుపులోనే టైరు లోపలి ప్లాస్టిక్‌కు రాసుకుని గర్రుమంది. రెండో మలుపులో మళ్లీ.

"బండి సుత దగ్గుతాంది" అన్నాడు అన్న. "పోనీతీ, నాకు తోడు దొరికింది."

గోదావరి వంతెన దాటేసరికి బ్యాటరీ గీతల్లో రెండు పోయాయి. నస్పూర్ క్వార్టర్ల దగ్గర ఇంకోటి. అన్న ఆ గీతల్ని, బాయిలో దీపం వెలుగు తగ్గుతుంటే చూసే మనిషి చూసినట్టు చూస్తున్నాడు.

"దిగుతాంది తమ్మీ."

"మొదట్ల జల్ది దిగుతది. తర్వాత నిలబడతది."

"ఏడ జదివినవ్?"

ఎక్కడా చదవలేదు. మంచిర్యాలలో ఆయనే అడిగాడు: "ఈడ ఏదన్న హోటల్ల జరసేపు ప్లగ్గు పెడుదమా?" నేను వద్దన్నాను, లారీ వెళ్లిపోతుందన్నాను. మాట్లాడుతూనే ఇంకో వంద మీటర్లు నడిపి ఇంకో గీత పోగొట్టాను.

మందమర్రి దాటాక ఒక చిన్న ఎత్తు ఉంది. బండి దాన్ని ఎక్కడం మొదలుపెట్టి, సగంలో మనసు మార్చుకుని, నేను పక్కకు తీసేలోపే మర్యాదగా ఆగిపోయింది. ఎదురుగా కిలోమీటరు రాయి. బెల్లంపల్లి 8. పదకొండున్నర దాటింది.

"ఆటో ఎక్కుదం" అన్నాడు అన్న.

ఇప్పుడు చెప్పేది అన్నిటికన్నా తెలివితక్కువ సంగతి. "వద్దన్నా. బ్యాటరీ వేడెక్కింది. ఐదు నిమిషాలు ఊకుంటే తేరుకుంటది" అన్నాను. ఒక ఆటో వచ్చింది, ఖాళీగా. చెయ్యెత్తలేదు. ఇంకొకటి వచ్చింది, అదీ ఖాళీయే. డ్రైవరు తనంతట తనే ఆపి, "వస్తరా?" అని అడిగాడు. "లేదు, బండి చాలూ అయితది" అన్నాను. షట్టరు మీద రాసిన నిరూపణ అప్పటికి తుడిచేసి ఉంటారు. నేను మాత్రం ఇంకా దాని కిందే నిలబడి ఉన్నాను. ఆ తర్వాత ఒంటిగంట దాకా వచ్చిన ఆటోలన్నీ నిండుగా వచ్చాయి.

అన్న బండి దిగి కొత్త టైరుకు ఆనుకుని కూర్చున్నాడు. కూర్చోవడానికి అది నిజంగా అనువుగా ఉంది. ఆ టైరు చేసిన మేలు అదొక్కటే.

"ఆ దినం నేను తట్టలే" అన్నాడు ఉన్నట్టుండి.

"ఏ దినం?"

"పోశన్న పోయిన దినం. నేను తట్టి చెప్పాలె, ఆడు లోపలికి పోవాలె. గదీ పద్ధతి. నాకు చాయ్ తాగబుద్ధయింది. 'నువ్వు నడువు, వస్తున్న' అన్న. ఆడు నడిసిండు." కాసేపు ఊపిరి కోసం ఆగాడు. "ఎవలకు చెప్పలే. మీ వదినకు గూడ."

నేను ఆయన తమ్ముణ్ని. నలభై ఏళ్లుగా, గుమ్మడికాయను తట్టినా గ్లాసును తట్టినా నవ్విన వాణ్ని. బండి తాళం తిప్పి చూశాను. ఒక ఎర్రదీపం వెలిగి ఆరిపోయింది.

అప్పుడే ఎత్తు మీద నుంచి లారీ దిగింది. బెల్లంపల్లి వైపు నుంచి. దాని మీద గొలుసులతో కట్టిన పెద్ద ఇనుప చక్రం, అటూ ఇటూ లారీ అంచులు దాటి. అన్న దాన్ని నాకన్నా ముందు గుర్తుపట్టాడు. టైరు పట్టుకుని లేచాడు. లారీ పక్కనుంచి పోతుంటే కుడిచెయ్యి ఎత్తాడు, వేలు మడిచి, కణుపు ముందుకు పెట్టి. చక్రానికీ ఆ కణుపుకూ మధ్య రెండు బారల దూరం ఉంది.

నేను లారీ వెనక పరుగెత్తాను. లెక్కల మాస్టారు, యాభై రెండేళ్లు, చెప్పులతో. "ఆపు! ఆపు!" అని అరిచాను. డ్రైవరు అద్దంలో చూసి చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. తిరిగి వచ్చేసరికి అన్న నవ్వుతున్నాడు. నవ్వు దగ్గయింది, దగ్గు చాలాసేపు ఆగలేదు. మందు పీల్చుకున్నాక అడిగాడు:

"లారీ టైర్లు జూసినవా?"

"లేదు."

"గుండు తీరు నున్నగున్నయి. అయినా పోతాంది."

సంచిలోంచి కొబ్బరికాయ తీశాడు. అక్కడే కొడతానన్నాడు. అలవాటుగా బండి టైరుకే కొట్టాడు. నేను ఎంచి ఎంచి కొన్న మందపాటి రబ్బరు దాన్ని ఎగరగొట్టి మురుగుకాలవలో వేసింది. దిగి తెచ్చాను. రెండోసారి కిలోమీటరు రాయికి కొట్టాడు. పగిలింది. ఒక చిప్ప నాకిచ్చాడు, ఇంకోటి లారీ పోయిన వైపు రోడ్డు పక్కన పెట్టాడు.

తిరుపతికి ఫోన్ చేశాను. గంటన్నరకు డీజిల్ ట్రాలీలో వచ్చాడు. తాడు తెచ్చాడు. వెనక మా పాత చక్రాలు నాలుగూ ఉన్నాయి.

"ఇవెందుకు తెచ్చినవ్?"

"ఎక్కిద్దమని సార్. గా పెద్ద టైర్లతోని గుంజితే నా బండి సుత ఈడనే పంటది."

"నిన్న అమ్మేస్తనంటివి గదా?"

"అమ్మలే సార్. వారంల మళ్ల వస్తరనుకున్న." తల గోక్కున్నాడు. "ఒక్కదినంలనే వస్తరనుకోలే."

"అంటే నీకు తెలుసా, పెద్ద చక్రానికి బ్యాటరీ దిగుతదని?"

"టైర్ల దుకాణపోన్ని సార్, తెల్వదా?"

"మరి చెప్పలేదేంరా?"

"మీరు నిరూపించబడినది అని రాసిండ్లు గద సార్. దాని మీద ఎదురు మాట్లాడినందుకేనాయె తొమ్మిదిల నన్ను మోకాళ్ల మీద కూసోబెట్టింది."

అన్న నా వైపు చూడలేదు. పాత చక్రం ఒకటి దగ్గరికి దొర్లించుకుని, కణుపుతో తట్టి విని, "ఆఁ, మాట్లాడుతాంది" అన్నాడు.

ఆ ఏడు వానలు తగ్గకముందే అన్న పోయాడు.

కాబట్టి, సుద్దముక్క మీద చెయ్యి వేసి, తిరుపతి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బడి గోడలు దాటి పరిధి సూత్రం జోలికి పోను. షట్టర్ల మీద ఏదీ నిరూపించను. "సార్, ఇంకోటి" అన్న వాణ్ని ఆ ఇంకోటి చెప్పేదాకా వదలను. ఎవరైనా ఆటో ఎక్కుదామంటే, అది ఎటు పోయేదైనా సరే, ఎక్కుతాను.

బండి ఇప్పటికీ నడుస్తోంది, పాత పన్నెండు అంగుళాల చక్రాల మీదే. పొద్దున్నే వదిన కూరగాయలు ఎక్కించుకుని ఒక్కతే కాలనీకి పోతుంది. గాలి ఎంతుందో తిరుపతి దుకాణంలో మీటరు పెట్టి చూస్తారు. మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ దేన్నీ తట్టి చూడరు.