నింపని తొట్టి ఫొటో

కొన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చూడ్డానికి చిన్నదే. ఒక ఫొటో, దాని కింద ఒక వాక్యం. దించుకునే చోటే దొరకలేదు. అమ్మకు చెప్పలేదు. పెళ్లయ్యాక మా ఆయనకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెప్తున్నాను. పేరు దాచుకోవడం పిరికితనం అంటారా? అనండి. క్షమించమని అడగడానికి మాత్రం ఇది రాయడం లేదు.

మార్కాపురంలో ఒక ప్రభుత్వ కార్యాలయం సోషల్ మీడియా పేజీలు చూసేది నేనే. అవుట్‌సోర్సింగ్ ఉద్యోగం. ఈ పనికి ఏమేం రావాలని కొత్తగా చేరేవాళ్లు ఇప్పటికీ నన్నే అడుగుతారు. తెలుగు టైపింగ్ తప్పుల్లేకుండా రావాలి, ఫొటో తీయడం, వీడియో కత్తిరించడం రావాలి, ఆర్డర్లలో ఉండే భాషను జనానికి అర్థమయ్యేట్టు మార్చాలి, తిట్టేవాళ్లకు తిరిగి తిట్టకుండా జవాబివ్వాలి అని గడగడా చెప్పేస్తాను. పెద్ద ఆఫీసుల్లో రాసేవాళ్లు ఒకరు, ఫొటోలు సరిచూసేవాళ్లు ఒకరు, జనంతో మాట్లాడేవాళ్లు ఇంకొకరు. మా దగ్గర అన్నీ నేనే. పక్కన మరో మనిషి ఉండుంటే, ఇది ఎప్పటి ఫొటో అని ఒక్కసారి అడిగేవాళ్లేమో. ఇది సాకా? కాదు. ఎప్పటిదో నాకు బాగా తెలుసు.

ఆ ఎండాకాలం ఊరూరా పశువుల తొట్లు నింపమని పైనుంచి ఆర్డరు వచ్చింది. ఊళ్లలో ఉండే సిబ్బంది తొట్టి నింపించి, ఫొటో తీసి, మా వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. చోటూ తేదీ ఫొటో మూలన వాటంతటవే పడే యాప్ ఒకటుంది, దాంతోనే తీయాలి. అన్ని ఊళ్ల నుంచీ వచ్చాయి, తర్లుపాడు అవతల ఒక్క ఊరు తప్ప. ఫోన్ చేస్తే మోటారు కాలిందన్నాడు ఆ ఊరి ఉద్యోగి, బాగయ్యాక నింపిస్తానన్నాడు. మర్నాడే మీటింగు. అన్ని ఊళ్లూ వరసగా ఉన్న పోస్టులో ఒక్క ఊరు లేకపోవడం నాకు నచ్చలేదు. నాకు, వింటున్నారా? మా ఆఫీసరు సార్ నన్ను అడగనైనా లేదు. అదే తొట్టిది నిరుటి ఫొటో నా దగ్గర ఉంది, నీళ్లు అంచుదాకా. తేదీ ఉన్న మూలను కత్తిరించేశాను. ‘మూగజీవాల దాహం తీరింది’ అని రాసి పెట్టాను. బాగుందమ్మా అన్నారు సార్. మురిసిపోయాను. మీ దగ్గర దాపరికమెందుకు, నిజంగానే మురిసిపోయాను.

ఇక్కడ ఎండలు ముదిరితే గొర్రెల కాపర్లు నాలుగైదు ఇళ్ల మందలు కలిపి మేత కోసం తోలుకుపోతారు. అందరికీ ముందు ఒక పెద్దమనిషి నడుస్తాడు. ఏ దారిన పోవాలో, ఎక్కడ నీళ్లు తాపాలో చెప్పేది ఆయనే. దారిలో తెలిసిన రైతు చేలో రాత్రికి మంద కడితే ఆ చేనికి ఎరువు పడుతుంది, బదులుగా రైతు బోరు వదులుతాడు. కొమరోలు వైపు నుంచి వచ్చిన ఒక గుంపు పెద్ద, నేను పోస్టు పెట్టిన రోజు, అట్లాంటి రైతు దగ్గరికే పోదామన్నాడట. వెంట ఉన్న మేనల్లుడు ఫోన్ తీసి నా పోస్టు చూపించాడు. దగ్గర్లోనే సర్కారు తొట్టి నిండి ఉంటే చుట్టు తిరిగి పోవడమెందుకన్నాడు. పెద్దాయన తన దారి వదిలేసి ఆ ఫొటోను నమ్మాడు. తొట్టిలో దుమ్ము తప్ప ఏమీ లేదు. మళ్లీ రైతు బోరు దాకా తోలుకుపోయేలోపు జీవాలు కూలబడ్డాయి. కడుపుతో ఉన్న గొర్రెలు ముందు పోయాయి.

ఇదంతా నాకు చెప్పింది ఆ పెద్దాయనే. బస్సెక్కి మా ఆఫీసుకు వచ్చాడు. ఎవరిని అడగాలో తెలియక వరండాలో నిలబడితే అటెండరు నా బల్ల చూపించాడు.

“ఫోన్లో తొట్టి బొమ్మ పెట్టింది నువ్వేనా పాపా?”

“నేనే పెదనాయనా.”

“నీళ్లు ఏ పొద్దు పోసినారు దాంట్లో?”

“ఫొటో పెట్టిన పొద్దే పోసినారు,” అన్నాను. నా నాలుక తడబడలేదు. “మీరే లేటుగా పోయినట్టుంది. ఊళ్లో గొడ్లు తాగేసి ఉంటాయి.”

“మేం పోయింది ఆ పొద్దే గదమ్మా. మావోళ్లంతా నన్ను తిడతాండారు. తప్పు నాది కాదని నువ్వొక మాట చెప్పు తల్లీ, నీ మాటయితే ఇంటారు.”

తన చిన్న ఫోన్లో మేనల్లుడికి కలపమన్నాడు. కలిపాను. కలిపాక ఏం చెప్పానో తెలుసా? “తొట్టి నింపిన మాట నిజం. మీ మామ ఇంకాస్త ముందు తోలుకుపోయి ఉంటే నీళ్లు అందేవి.” పెద్దాయన నా ఎదురుగానే ఉన్నాడు. ప్రతి మాటా విన్నాడు.

“అట్లయితే తప్పు నాదే గదా,” అన్నాడు ఫోన్ తీసుకుంటూ. “సర్కారోళ్లకు అబద్ధమాడే పనేముంది.” నాకు దండం పెట్టి పోయినాడు.

ఫొటో ఒక తప్పు. అది చేసినప్పుడు నాకు గొర్రెలు కనపడలేదు, మనిషి కనపడలేదు. కానీ ఫోన్లో ఆ మాట అన్నప్పుడు? మనిషి అడుగు దూరంలో ఉన్నాడు, సాయం చేయమని అడిగాడు, నేను నా ఉద్యోగం కాపాడుకోవడానికి ఆయన ఒక్కగానొక్క విద్యను, దారి చెప్పే విద్యను, ఆయన సొంత మనుషుల ముందే కొట్టేశాను. భయపడ్డానా? భయపడ్డాను. భయపడ్డవాళ్లందరూ ఈ పని చేస్తారా? చేయరు. పోస్టు కింద ఎవరో ‘తొట్టిలో చుక్క లేదు’ అని రాస్తే ఆ కామెంటు కనపడకుండా చేశాను. అదీ నా ఉద్యోగంలో నేర్చిన పనే. మీటింగుల మీద, పైవాళ్ల మీద నాకు చెప్పలేనంత కోపం ఉంది. అయినా నా వాటా తగ్గించుకోవడానికి వాళ్ల వాటా మీకు చూపించను.

మరుసటి ఎండాకాలం వీడియో తీయడానికి తర్లుపాడు వైపు పోతే ఆ గుంపే ఎదురైంది. ముందు నడుస్తున్నది మేనల్లుడు. పెద్దాయన ఏడని అడిగితే, ఆయనకు చూపు ఆనక వేళ తెలియడం లేదని ఇంటికాడ పిల్లల్ని కాయను పెట్టామన్నారు. గొర్రెపిల్లల్ని. అక్కడే చెప్పి ఉండాల్సింది. వీడియో తీసుకుని వచ్చేశాను.

ఈమధ్య ఇక ఊపిరాడక మేనల్లుడి నంబరు సంపాదించి ఫోన్ చేశాను. అంతా చెప్పాను. ఇప్పుడెందుకక్కా ఇవన్నీ అన్నాడు. మంద తన వెనక నడవడం అలవాటు పడిందట, మామకు చెప్పొద్దట. పెట్టేశాడు. ఒక్క క్షణం హాయిగా అనిపించింది, చెప్పొద్దన్నది నేను కాదు కదా అని. ఆ హాయి చూసి నామీద నాకే అసహ్యం వేసింది. నువ్వు చెప్పొద్దంటే ఊరుకోవడానికి ఈ అబద్ధం నీది కాదయ్యా. నాది.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. చదివి నన్ను గుర్తుపట్టేవాళ్లు ఆఫీసులో ఉంటారు. గుర్తుపట్టనివ్వండి. ఉద్యోగం పోతే పోనీ. పెద్దాయనకు చదువు రాదు. కొమరోలు వైపు వాళ్లెవరికైనా, ఒకప్పుడు మందకు ముందు నడిచి ఇప్పుడు ఇంటికాడ గొర్రెపిల్లల్ని కాస్తున్న ఆయన తెలిసుంటే, ఈ నాలుగు మాటలూ గట్టిగా చదివి వినిపించండి. నలుగురూ ఉన్నప్పుడు వినిపించండి.

పెదనాయనా, నువ్వు లేటు చేయలేదు. ఆ తొట్టిలో ఆ పొద్దు ఎవరూ నీళ్లు పోయలేదు. ఆ సంగతి తెలిసే నేను అబద్ధం చెప్పినా. మొదట నువ్వు పోదామన్న దారే సరైంది.